పారిందా, నిలిచిందా?

*వజూ ఎప్పుడు నిలుచును, ఎప్పుడు భంగమగును? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మసీదులలో రంజాన్ మాసమంతయు వినవచ్చు ప్రశ్నలు, వాని వెనుకనున్న మనుష్యులు*

ప్రొద్దుటూరులో రంజాన్ సాయంకాలము. బంగారు అంగళ్ల వీథిలో దీపము లొక్కటొక్కటిగా వెలుగుచున్నవి. మసీదు ఆవరణలో కుళాయిల వరుస యెదుట, నాపరాతి దిమ్మెలపై కూర్చుండి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, పదిపదునైదుమంది వజూ, అనగా నమాజునకు ముందు చేయవలసిన అంగశుద్ధి, చేసికొనుచున్నారు. మగ్రిబ్ అజానునకు ఇంకను పావుగంట వ్యవధి యున్నది. వరుస చివరనున్న యువకుడు, జాకెట్లపై మగ్గం వర్కు చేసి బ్రదుకువాడు, కాళ్లు కడిగికొని లేచి, రెండడుగులు వేసి, నిలిచిపోయి, కుడిచేతి చూపుడువ్రేలిని వెలుతురునకు ఎత్తి చూచుకొనెను. మధ్యాహ్నము సూది దిగిన చోట, నీటికి నానిన చర్మము విడివడి, ఆవగింజంత నెత్తురు కనబడుచున్నది. అతడు ఒక్కక్షణము తటపటాయించి, గడప దగ్గర నిలిచియున్న పేష్ ఇమామును సమీపించెను.

“హజరత్, సూది గుచ్చుకున్యాది. రగతం కనపడతాంది. వజూ పోయినట్టేనా?”

ఇమాము ఆ వ్రేలిని తన చేతిలోనికి తీసికొని, కంటద్దములు సవరించుకొని పరికించి, ఒకే ప్రశ్న వేసెను.

“పారిందా, నిలిచిందా నాయనా?”

“నిల్చిండాది.”

“నిల్చింటే వజూ కూడా నిల్చినట్టే. పోయి సఫ్‌లో కూర్చో.”

యువకుని ముఖమున బెంగ తొలగెను. ఆ ఇమాము అడిగిన రెండు మాటల వెనుక పన్నెండు వందల యేండ్లకు పైబడిన ధర్మశాస్త్ర విచారణ యున్నది. నెత్తురు తాను పుట్టిన చోటనే నిలిచినచో శుద్ధి చెడదనియు, ఆ చోటు దాటి పారినచో చెడుననియు నిర్ణయించిన పండితులు, ఇట్టి సూదిపనివాని వ్రేలినే తలచుకొని ఆ గీత గీసిరా యనిపించును.

రోజా వేరు, వజూ వేరు

ఏడాదిలో తక్కిన పదునొకండు నెలలును మనస్సున మెదలని సందేహములు రంజాన్‌లో ఒక్కుమ్మడిగా మేల్కొనును. జుమా నమాజునకు మాత్రమే వచ్చువారు ఈ నెలలో ఐదు పూటలును వత్తురు. రాత్రి ఇషా తరువాత తరావీహ్ నమాజులో గంటకు పైగా నిలువవలసియుండును. ఒక్క వజూను అంతసేపు కాపాడుకొనుట వృద్ధులకును, మధుమేహ పీడితులకును, అజీర్ణముతో బాధపడువారికిని నిజముగా కష్టమే. దానికి తోడు ఉపవాస నియమములును, వజూ నియమములును జనుల తలపులలో కలగాపులగమై పోయినవి. పరీక్షకై రక్తము తీయించుకొన్న మనుష్యుడు తన రోజా చెడినదేమో యని రాత్రివరకు కుమిలిపోవును. చెడినది రోజా కాదు, హనఫీ సంప్రదాయానుసారము వజూ మాత్రమే, అదియు మరల రెండు నిమిషములలో చేసికొనదగినదే. ఇఫ్తారులో ఖర్జూరము తిని గంజి త్రాగి లేచినవాడు మరల వజూ చేయవలెనా యని అడుగును. ఆహారము రోజాను భంగపరచునుగాని వజూను తాకదు, నోరు పుక్కిలించుకొని నమాజునకు నిలువవచ్చును. అపానవాయువు వజూను భంగపరచును, రోజాకు దానితో పని లేదు. ఈ రెండు పట్టికలను వేరువేరుగా ఎవరును విడమరచి చెప్పకపోవుటచే ఎందరో తమ ఉపవాసములను గూర్చి నిష్కారణముగా వ్యథ చెందుచున్నారు.

మూలమెక్కడ?

ఖురానులో ఐదవదగు ‘అల్ మాయిదా’ అధ్యాయమునందలి ఆరవ వాక్యము ఈ విధికి ఆధారము. నమాజునకు పూర్వము ముఖమును, మోచేతుల పర్యంతము చేతులను, చీలమండల పర్యంతము పాదములను కడుగవలెననియు, తడిచేతితో తలను తుడువవలెననియు అందు విధింపబడినది. నోరు పుక్కిలించుట, ముక్కులోనికి నీరెక్కించి శుభ్రపరచుట, ప్రతి యవయవమును ముమ్మారు కడుగుట, మిస్వాకు పుల్లతో పండ్లు తోముట మొదలగునవి హనఫీలకు ప్రవక్త ఆచరణమునుండి వచ్చిన సున్నతులు. కడప సీమలోని ముసల్మానులలో అధికసంఖ్యాకులు, క్రీ.శ. 767లో మరణించిన ఇమాము అబూ హనీఫా సంప్రదాయమును అనుసరించువారు; కావున ఈ మూడు ఊళ్లలో వినబడు సమాధానములు ప్రాయికముగా ఆ శాఖవే.

ఆ శాఖ ననుసరించి వజూను భంగపరచునవి యేవి? మలమూత్రములు, అపానవాయువు మొదలుగా శరీరపు రెండు మార్గములనుండి వెలువడునది యేదైనను. దేహమున మరి యెచ్చటనుండియైనను పుట్టి తన చోటు దాటి పారిన నెత్తురుగాని చీముగాని. నోరు నిండునంతటి వాంతి. పండుకొనియో, ఆనుకొని యొరిగియో పోయిన నిద్ర. మూర్ఛ, ఉన్మాదము, మత్తు. వీనికి తోడు, రుకూ సజ్దాలు (వంగుట, సాష్టాంగపడుట) గల నమాజులో ప్రక్కవానికి వినబడునట్లు నవ్విన నవ్వు. ఈ చివరి నియమము హనఫీలకే ప్రత్యేకము. చిరునవ్వు దేనిని చెరుపదు. తనకు మాత్రమే వినబడిన నవ్వు నమాజును చెరుపును, వజూను చెరుపదు. ప్రక్కవారికి వినబడిన నవ్వు రెంటిని చెరుపును. అయితే తరావీహ్ వేళ వెనుక వరుసలో ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొని కిలకిలలాడు పసివారికి ఈ కఠినత్వము లేదు. వారి నమాజు పోవును, వజూ నిలుచును. పిల్లలను కసరి బయటికి తరుము పెద్దలు ఈ మినహాయింపును గుర్తుంచుకొనిన బాగుండును.

> ఇవి వజూను భంగపరచవు
>
> అన్నపానములు. కన్నీరు, వ్యాధిచే కారునది కానంతవరకు. గోళ్లు తీయుట, క్షౌరము. బట్టలు మార్చుకొనుట, మోకాలు బయటపడుట. బిడ్డకు పాలిచ్చుట. నెత్తురు రాని ఇంజెక్షన్. దోమకాటు. జలగ పట్టి నిండుగా పీల్చినచో మాత్రము భంగమే. తిట్టుటవలన, అబద్ధమాడుటవలన వజూ తెగదు గాని, అట్టి మాటల తరువాత మరల వజూ చేసికొనుట ఉత్తమమని పండితు లందురు.

నెత్తురు విషయమున నలుగురు ఇమాములు

రక్తముచే వజూ చెడునా యను ప్రశ్నకు నాలుగు శాఖలును ఒకే సమాధానము చెప్పవు. మాలికీ, షాఫియీ శాఖలవారు గాయమునుండి పారిన నెత్తురు వజూను భంగపరచదందురు. ప్రవక్త కాలమున ఒక యాత్రలో రాత్రి కావలియుండి నమాజు చేయుచున్న అనుచరునిపై శత్రువు బాణములు వేయగా, అతడు నెత్తురోడుచునే నమాజు కొనసాగించెనను వృత్తాంతమును వారు చూపుదురు. క్రీ.శ. 644లో కత్తిపోట్లకు గురియైన ఖలీఫా ఉమర్, గాయము స్రవించుచుండగనే నమాజు చేసిన సంగతిని కూడ పేర్కొందురు. హనఫీ పండితులు, ఎడతెగని రక్తస్రావముతో బాధపడు ఒక స్త్రీకి ప్రవక్త ప్రతి నమాజు వేళకును వజూ చేసికొమ్మని చెప్పిన వృత్తాంతమును ఆధారముగ గైకొని, పారు నెత్తురు వజూను భంగపరచునని నిర్ణయించిరి. ఉభయులకును ఆధారములు కలవు, ఉభయులును మహానుభావులే.

ఈ భేదమును ఆ మహనీయులు ఎట్లు భరించిరో తెలుపు రెండు ముచ్చట లున్నవి. ఖలీఫా హారూన్ రషీదు ఒకనాడు కొమ్ము పెట్టించుకొని చెడునెత్తురు తీయించుకొని, ఇమాము మాలిక్ అభిప్రాయము ననుసరించి మరల వజూ చేయకయే నమాజునకు నాయకత్వము వహించెనట. అబూ హనీఫా శిష్యులలో అగ్రగణ్యుడైన ఖాజీ అబూ యూసుఫ్, తన శాఖ ప్రకారము ఆ వజూ చెడినదైనను, ఆ ఖలీఫా వెనుకనే నిలిచి నమాజు చేసెను, మరల చేయనులేదు. రెండవది ఇమాము అహ్మద్ బిన్ హంబల్‌ను గూర్చినది. నెత్తురు కారిన తరువాత వజూ చేయవలెనని ఆయన మతము. అట్లు చేయని ఇమాము వెనుక మీరు నమాజు చేయుదురా యని యెవరో అడుగగా, మాలిక్, సయీద్ బిన్ ముసయ్యబ్ వంటివారి వెనుక చేయకుండ నెట్లుందునని ఆయన ఎదురు ప్రశ్నించెనట. ఈ కాలమున చిన్న భేదమునకే ఒక మసీదును విడిచి మరియొక మసీదునకు పోవువారికి ఈ రెండు ముచ్చటలును తెలిసియుండుట అవసరము. ఏ శాఖకును కట్టుబడని అహలె హదీసు వారి మసీదులో ఒక మాటయు, హనఫీ మసీదులో వేరొక మాటయు విని కలవరపడు యువకునితో ఎవరైనను ఇవి చెప్పినచో, అతని మనస్సు కుదుటపడును.

ఆస్పత్రి విషయములకు వత్తము. ఇంజెక్షన్ వేయించుకొనుట మాత్రమున వజూ పోదు. సిరంజిలోనికి నెత్తురు తీసినప్పుడు, అది బయట నున్నచో పారునంతటి పరిమాణమే కనుక, హనఫీల లెక్కలో వజూ భంగమగును. రక్తదానము, డయాలిసిస్ ఈ కోవలోనివే. రక్తదానము చేసి ఒక ప్రాణమును నిలిపిన మనుష్యుడు మరల రెండు చెంబుల నీళ్లతో వజూ చేసికొన్నచో సరి. దాని కొఱకు దానమునకు వెనుదీయ నక్కర లేదు.

“అనుమానమొస్తే పోయినట్టే గదా?”

కాదు. ఈ ఒక్క ‘కాదు’ నేర్పుటకై ఎన్ని పుటలు వ్రాసినను వ్యర్థము కాదు.

నమాజులో నిలిచియుండగా కడుపులో ఏదో కదలినట్లై, వజూ పోయినదేమో యని సందేహించిన మనుష్యుని గూర్చి ప్రవక్తకు విన్నవింపగా, శబ్దము వినువరకు లేక వాసన తగులువరకు నమాజు విడిచి పోవలదని ఆయన సెలవిచ్చెను. నిశ్చయము సందేహముచే తొలగిపోదను మహాసూత్రమును ధర్మశాస్త్రజ్ఞులు ఇట్టి ఆధారములనుండియే నిర్మించిరి. వజూ చేసికొన్న సంగతి నిశ్చయము. అది పోయిన సంగతి సందేహము. కావున వజూ యున్నట్లే. వజూ పోయిన సంగతి నిశ్చయమై, మరల చేసికొంటినో లేదో యను సందేహము కలిగినచో చేసికొనలేదనియే భావింపవలెను. ఈ న్యాయము రెండు ప్రక్కలను సమానముగనే పనిచేయును.

ఈ సూత్రము చెవిని పడని యిండ్లలో ఏమి జరుగుచున్నదో చూచినవారు నిట్టూర్పు విడువకుండ లేరు. చదువుకొన్న పిల్లవాడొకడు కుళాయి దగ్గర కూర్చుండి మోచేయి తడిసినదో లేదో యని ఏడెనిమిది మారులు కడుగును, లేచును, మడమ ఎండిపోయెనేమో యని మరల కూర్చుండును, లోపల జమాఅత్ ముగిసిపోవును. తల్లి తలుపు చాటునుండి చూచి, కొడుకునకు భక్తి హెచ్చినదని మొదట సంతోషించును, పిమ్మట భయపడును. దీనిని ‘వస్వసా’ యందురు. దీనిని భక్తిగ ఎంచని పండితులు పూర్వమునుండియు కలరు. ఇబ్ను ఖుదామా దీనిని ఖండించుచు ప్రత్యేకముగ ఒక చిన్న గ్రంథమే వ్రాసెను. ఇబ్నుల్ జౌజీ తన ‘తల్బీసు ఇబ్లీసు’ గ్రంథమున ఒక ముచ్చట చెప్పును: పలుమార్లు నీట మునిగినను శుద్ధుడనైతినో లేదో తెలియకున్నదని ఒకడు మొఱపెట్టుకొనగా, అబుల్ వఫా ఇబ్ను అఖీల్ అను పండితుడు, అట్లైన నీకు నమాజు విధియే లేదు పొమ్మనెనట, ఏలయన మతి స్థిమితము లేనివానికి విధులు వర్తింపవు. కటువైన మందే, కాని మందే. నేడు వైద్యులు ఇట్టి అవస్థను ఒక మానసిక వ్యాధిగ గుర్తించి నయము చేయుచున్నారు. ఇంటిలో ఎవరైనను ఇట్లు నీటితో పెనుగులాడుచున్నచో, వారిని పరిహసింపక, మెచ్చుకొనక, ఒక ప్రక్క ఆలిము దగ్గరకును, మరియొక ప్రక్క మానసిక వైద్యుని దగ్గరకును కొనిపోవలెను. రెండును అవసరమే.

ముక్కు పట్టుకొని వెడలిన మనుష్యుడు

వజూ చెడుట మనుష్యులను ఎక్కువగ బాధించునది సిగ్గు కారణముగనే. వరుసలో భుజమునకు భుజము తగిలించి నిలిచియున్నప్పుడు అపానవాయువు వెలువడినచో ఏమి చేయవలెను? బయటికి నడచినచో అందరును గ్రహింతురు. నిలిచియున్నచో నమాజు లేనట్లే. ఈ యిరకాటమునకు ప్రవక్త చూపిన ఉపాయము మిక్కిలి సుకుమారమైనది: అట్టివాడు ముక్కు పట్టుకొని వరుసనుండి వెడలిపోవలెనట. చూచువారు ముక్కునుండి నెత్తురు కారినదేమో యనుకొందురు. ఇతని మానము నిలుచును. నమాజు చెల్లుటకును, మనుష్యుడు పదిమందిలో చిన్నబోకుండుటకును ఒకేమారు దారి చూపిన ఈ బోధను గూర్చి తలచినప్పుడెల్ల నాకు మనస్సు ఆర్ద్రమగును.

ఇమామునకే అట్టి స్థితి వచ్చినను నమాజు ఆగిపోదు. తన వెనుకనున్న వానిని చేయి పట్టి ముందునకు లాగి, తన స్థానమున నిలిపి, తాను వెడలిపోవును. హనఫీ శాఖలో అట్లు వెడలినవాడు దారిలో ఎవరితోను మాటలాడక వజూ చేసికొని వచ్చి, విడిచిన చోటినుండి నమాజును కొనసాగించుటకు కూడ వీలు కలదు; అయినను మొదటినుండి చేయుట మేలందురు.

జమ్మలమడుగులో పెన్న వైపు వీథులలో ఒకదానియందు, డెబ్బదియేండ్లు దాటిన పెద్దాయన యొకరున్నారు. నలుబదియేండ్లు ఫజర్ నమాజునకు మొదటి వరుసలో నిలిచిన మనిషి. ప్రోస్టేటు వ్యాధి వచ్చి మూత్రము బొట్టుబొట్టుగ కారుట మొదలైన నాటినుండి ఆయన మసీదు మెట్లెక్కలేదు. “పాకీ (శుద్ధి) లేనోడు మసీదుకెట్ల పోతాడు?” అని కోడలితో అని, మంచము మీదనే కూర్చుండి తస్బీహ్ పూసలు త్రిప్పుకొనుచుండెను. రెండు రంజానులు అట్లే గడచెను. ఆయన ఏల రాకున్నాడో వేరెవరును అడుగలేదు, ఆయనయు చెప్పలేదు.

ఆయనకు తెలియనిది ‘మజూర్’ అను నియమము. ఒక నమాజు వేళ మొత్తములో, వజూ చేసి ఫర్జ్ (విధిగా చేయవలసిన) నమాజు ముగించునంతటి వ్యవధి కూడ స్రావము ఆగకున్నచో, ఆ మనుష్యుడు ధర్మశాస్త్ర దృష్టిలో మజూర్, అనగా ఆపద్ధర్మమునకు అర్హుడు. అటుపై అతడు ప్రతి నమాజు వేళకును ఒక్కమారు వజూ చేసికొన్న చాలును. ఆ వేళ ముగియువరకు ఆ బొట్లు అతని వజూను చెరుపజాలవు. ఫర్జ్, సున్నత్, నఫిల్, ఖురాను పారాయణము అన్నియు చేయవచ్చును. ఇతర కారణము కలిగినచోనే, ఉదాహరణకు అపానవాయువు వెలువడినచో, ఆ వజూ తెగును. ఒకమారు మజూర్ అయిన తరువాత, ప్రతి వేళలోను ఒక్కమారైనను ఆ బాధ కనిపించుచున్నంత కాలము ఈ సడలింపు కొనసాగును. మూత్రపు గొట్టము, సంచి అమర్చుకొన్నవారు, ఆగని రక్తస్రావము గల స్త్రీలు, ఎడతెగక స్రవించు పుండు గలవారు, వాయువును ఆపుకొనలేని వ్యాధిగ్రస్తులు, అందరును ఈ నీడకు చేరినవారే. మధుమేహముచే పాదమున పుండు పడి కట్టు కట్టించుకొన్నవారు, నీరు తగులరాదని వైద్యుడు చెప్పినచో, ఆ కట్టుపై తడిచేతితో తుడుచుకొన్న చాలును. దానికి దినముల గడువు కూడ లేదు.

వజూ భంగమగు సంగతుల పట్టికను పిల్లలచే వల్లె వేయించుచున్నాము. ఆ పట్టిక చివరనుండు ఈ దయను మాత్రము చెప్పుట మరచుచున్నాము. ఫలితముగ, మసీదు అత్యంతావసరమైన వయస్సులో మనుష్యులు దానికి దూరమగుచున్నారు. ఇది నాకు ఈ కథనమంతటిలోను ముఖ్యమైన విషయము.

> కునుకు పట్టినచో?
>
> ఇషా నమాజునకై వేచియుండి, కూర్చున్న చోటనే తలలు వాలునట్లు తూగిన ప్రవక్త అనుచరులు లేచి, మరల వజూ చేయకయే నమాజు చేసిరి. నేలపై స్థిరముగ కూర్చుండి కునికినచో హనఫీల దృష్టిలో వజూ చెడదు. పులివెందులనుండి కడపకు బస్సులో వచ్చుచు సీటునకు చేరగిలబడి గాఢముగ నిద్రించినవారు మాత్రము దిగిన తరువాత మరల చేసికొనుటయే క్షేమము.

నీరు లేనిచోట నేల

పెన్న కర్ణాటకలోని నందికొండలలో పుట్టి, గండికోట లోయ చీల్చుకొని, జమ్మలమడుగును, ప్రొద్దుటూరును ఒరసికొని పోవు నది. అయినను ఏడాదిలో అధికభాగము ఇక్కడివారు చూచునది దాని యిసుకనే. పులివెందుల వైపు చీనీతోటలును, అరటితోటలును బోరుబావుల దయపై నిలిచియున్నవి. కరెంటు వచ్చినప్పుడే నీరు. అసర్ వేళకు కరెంటు లేదు, తొట్టిలో నీరు లేదు, డ్రిప్పు పైపులో చుక్క లేదు. తోటలో పనిచేయు మనిషి యేమి చేయవలెను? సుమారు మైలు దూరములోపల నీరు లభింపనిచోగాని, ఉన్న నీరు మనుష్యులకో పశువులకో త్రాగుటకు చాలియున్నంతయే అయినచోగాని, నీరు తగిలిన రోగము ముదురునను భయమున్నచోగాని, పరిశుభ్రమైన నేలపై అరచేతులు తట్టి ముఖమును, మరల తట్టి మోచేతుల వరకు చేతులను తడవుకొనుట విధి. ఇదియే తయమ్ముమ్. కరెంటు వచ్చునను ఆశ యున్నచో వేళ ముగియుటకు కొంచెము ముందువరకు వేచి చూచుట మేలు. నీరు అమ్మకమునకు దొరకుచున్నచో? న్యాయమైన వెలకు దొరికి, చేతిలో పైకమున్నచో కొనవలసినదే. అన్యాయపు వెల అడిగినచో కొననక్కర లేదు, తయమ్ముమ్ చాలును. ట్యాంకరు నీటికి బేరమాడు ఈ సీమవారికి మధ్యయుగముల పండితుల ఈ నిర్ణయము ఎంత దగ్గరగ వినబడునో!

వజూను భంగపరచునవన్నియు తయమ్ముమ్‌ను భంగపరచును. వీనికి మించి, వాడుకొనగల నీరు లభించిన మరుక్షణము అది తెగిపోవును.

ఈ వెసులుబాటు కలిగిన సందర్భము నగల ఊరైన ప్రొద్దుటూరువారికి ప్రీతికరమైనది. ప్రవక్త వెంట ప్రయాణించుచున్న ఆయన భార్య ఆయిషా, తన అక్క అస్మా వద్ద ఎరువు తెచ్చుకొన్న హారమును దారిలో పోగొట్టుకొనెను. దానిని వెదకుటకై ప్రయాణము నిలిచినది. ఆ చోట నీరు లేదు, జనుల వద్దను లేదు. ఒక్క హారమునకై ఇందరిని నిలిపితివని తండ్రి అబూ బకర్ ఆమెను మందలించెను. తెల్లవారునప్పటికి తయమ్ముమ్‌ను అనుమతించు వాక్యము అవతరించినది. పిమ్మట ఆమె ఎక్కిన ఒంటెను లేపగా, హారము దాని క్రిందనే దొరికెను. అబూ బకర్ కుటుంబమువలన కలిగిన మేలు ఇది మొదటిది కాదని ఒక అనుచరుడు సంతసించెను.

మన్ను మాత్రమే కానక్కరలేదు. అబూ హనీఫా మతమున ఇసుక, సున్నము, రాయి మొదలగు భూజాతి ద్రవ్యమేదైనను పనికివచ్చును. దుమ్ము లేని నున్నని రాయి అయినను సరియే. షాఫియీలకు మాత్రము దుమ్ము అంటవలెను. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల గనులనుండి వచ్చి దేశమంతట నేలలకు పరచబడు కడప బండ యున్నదే, ఆ నల్లని నాపరాతి ముక్క యొక్కటి రోగి మంచము ప్రక్కన నుంచిన చాలును. నీరు తగులరాని శస్త్రచికిత్స జరిగిన తల్లికో తండ్రికో అది తయమ్ముమ్ సాధనమగును. కొయ్యపైగాని యినుముపైగాని తయమ్ముమ్ చెల్లదు, వానిపై దుమ్ము పేరుకొన్న తప్ప.

నీరున్నచోట దుబారా మాత్రము నింద్యము. వజూలో నీటిని మితిమీరి వాడుచున్న అనుచరుని ప్రవక్త వారించి, పారు నది యొడ్డున నున్నను మితము పాటింపవలెనని చెప్పెను. ఆయన వజూకు వాడిన నీరు ఒక ‘ముద్దు’, అనగా లీటరునకు మించనిది. పూర్వపు మసీదులలో హౌజు లుండెడివి. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు, అనగా సుమారు 15 అడుగుల చదరపు తొట్టి. అంతటి నీరు పారునీటితో సమానమని హనఫీలు ఎంచుటచే వందలమంది చేతులు ముంచినను శుద్ధి చెడదు. హౌజులు పూడి కుళాయిలు వచ్చినవి. తల తుడుచుకొనునంతసేపును కుళాయి విప్పియే యుంచు అలవాటును వానితో వచ్చినది. సగటున ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లాలో ఇది చూచుటకు బాధాకరము. జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, గండికోటలో, గోలకొండ సేనాని మీర్ జుమ్లా కాలపు జామియా మసీదునకు చేరువనే కత్తుల కోనేరు కలదు. ఆ కొండమీద ప్రతి కడవ నీటికిని విలువ యెంతయో ఆ కోటను కట్టినవారు ఎఱుగుదురు.

ఆడవారి ప్రశ్నలు ఎవరి చెవిని పడును?

గోరింటాకు రంగు వజూకు అడ్డు కాదు, ఏలయన అది పొర కట్టదు. నెయిల్ పాలిష్ పొర కట్టును. నీరు గోటిని తాకదు. దానిని తొలగించిన పిమ్మటనే వజూ. రొట్టెల పిండి గోళ్లలో ఎండి గట్టిపడినచో తీసివేయవలెను. పురుషులలో రంగుల పనివారికిని, జిగురు పనివారికిని ఇదే నియమము: రంగు మరక మిగిలినను పరవాలేదు, పొర మిగులరాదు. భర్తను తాకిన మాత్రమున హనఫీ స్త్రీకి వజూ చెడదు. షాఫియీ శాఖలో చెడును. హజ్ యాత్రలో కాబా చుట్టు తవాఫు చేయునప్పుడు, దేశదేశముల జనసమ్మర్దమున ఈ భేదము షాఫియీలకు ఎంతటి చిక్కో యాత్ర చేసివచ్చినవారు చెప్పుదురు.

ఇంతకు మించిన ప్రశ్నలను స్త్రీలు ఇమామును అడుగజాలరు. ఉర్దూ చదువగల పాతకాలపు యిల్లాండ్రకు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ వ్రాసిన ‘బహిష్తీ జేవర్’ దిక్కుగ నుండెడిది. నేటి ఆడపిల్లలు తెలుగు బడిలో, ఇంగ్లీషు బడిలో చదివినవారు. మదరసాలో చదివి ఆలిమా యైన అమ్మాయి వీథి కొక్కరైనను ఉన్నచో ఆ వీథి అదృష్టము.

తెలుగులో చెప్పువారెవరు?

ఈ ప్రాంతమున నూర్ బాషా దూదేకుల కుటుంబములు కలవు. వారి యింటిభాష తెలుగు. ఉర్దూ మాటలాడు యిండ్లలో కూడ పిల్లలకు ఉర్దూ లిపి రానివారు పెక్కండ్రు. వేలూరులోని బాఖియాతుస్సాలిహాత్, 1924లో స్థాపితమైన ఉమరాబాదు జామియా దారుస్సలాం వంటి విద్యాపీఠములలో చదివిన మౌల్వీలకు ఈ శాస్త్రము కరతలామలకమే; అది వినువారి భాషలోనికి దిగవలసియున్నది. రాయలసీమలో ఇది క్రొత్త తలంపు కాదు. 1928లో నంద్యాల సభలో దత్తమండలములకు రాయలసీమ యను పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు, అంతకు మూడేండ్ల పూర్వమే, 1925లో, ఖురానును తెలుగున ప్రకటించిరి. హిందువైన ఆ పండితుడు గ్రంథమంతటిని తెనిగింపగా, కుళాయి యెదుట కూర్చున్న మనుష్యునికి కావలసిన నాలుగు వాక్యములను మనము తెలుగున వ్రాయలేమా?

మసీదు కమిటీ పెద్దలకు ఒక మనవి. వచ్చు రంజాన్ లోపల వజూ చేయు చోట, మోకాళ్లు వంగనివారు కూర్చుండుటకు ఎత్తైన దిమ్మె యొక్కటి కట్టింపుడు. దాని యెదుటి గోడమీద వజూ నియమములను పెద్ద తెలుగు అక్షరములలో, చత్వారము గల కన్నులకు కూడ కానవచ్చునట్లు, వ్రాయింపుడు. భంగపరచునవి, భంగపరచనివి, సందేహమును లెక్కచేయరాదను మాట, కుళాయి కట్టివేయుమను మాట, అన్నియు అందుండనిండు. అయితే మజూర్‌ను గూర్చిన వాక్యము మాత్రము అన్నిటికన్న పైన ఉండవలెను. వ్రాయించిన పిమ్మట, చాలదినములుగ మసీదునకు రాని పెద్దల యిండ్లకు స్వయముగ వెళ్లి దానిని వారికి చదివి వినిపింపుడు.